ఎవానింగా రాతి చెక్కడాలు: పెద్దవాళ్ళతో, చిన్న కారుతో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. జూలై సెలవుల్లో మెల్‌బోర్న్ నుంచి ఉలూరు, ఆలిస్ స్ప్రింగ్స్ చూడడానికి వస్తున్నారు. వెంట ఎనిమిదేళ్ళ పాప, ఖమ్మం నుంచి వచ్చిన మీ అత్తమ్మ, మామయ్య. అత్తమ్మగారికి మోకాళ్ళ నొప్పి. అబోరిజినల్ వాళ్ళ (ఆస్ట్రేలియా ఆదివాసుల) రాతి చెక్కడాలు ఒక్కచోటైనా చూడాలని ఉంది, ఎక్కువ నడవలేరు, అద్దెకు తీసుకునేది చిన్న కారు. ఆలిస్‌కి దక్షిణాన ఉన్న ఎవానింగా వెళ్ళమని ఒకరన్నారు, "అక్కడేముంది, పది నిమిషాల్లో అయిపోతుంది" అని ఇంకొకరన్నారు.

వెళ్ళండి. నడక మొత్తం 680 మీటర్లు, అటు తిరిగి ఇటు కారు దగ్గరికే వస్తుంది. పార్కు వాళ్ళు అరగంట అని రాస్తారు, మీరు గంట పెట్టుకోండి. కానీ రెండు షరతులు. పొద్దు వాలుగా ఉన్నప్పుడే వెళ్ళాలి. చిన్న కారులో వెళ్ళకూడదు. "అక్కడేముంది" అన్నాయన అబద్ధం చెప్పలేదండీ, మిట్టమధ్యాహ్నం వెళ్ళి ఉంటాడు.

ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, నేనూ అదే పని చేశాను. ఆలిస్‌కి ఉద్యోగం మీద వచ్చిన కొత్తలో, డిసెంబరులో, పగలు పన్నెండున్నరకి వెళ్ళాం. నలభై డిగ్రీల ఎండ. ఈగలు కళ్ళల్లోకి, ముక్కులోకి వస్తున్నాయి. గోధుమరంగు బండల గుట్ట ఒకటి, పక్కన ఎండిపోయిన చదును నేల. బోర్డు మీద బొమ్మ చూసి, బండ వైపు చూసి, మళ్ళీ బోర్డు చూశాం. రెండు మూడు గుండ్రాలు లీలగా కనిపించాయంతే. ఫోటో తీస్తే ఫోటోలో అవి కూడా లేవు. ఇంటికొచ్చి తెలిసినవాళ్ళందరికీ "డీజిల్ దండగ" అని చెప్పాను. రెండేళ్ళ పాటు అదే చెప్పాను కూడా.

తర్వాత అమ్మ వచ్చింది ఇండియా నుంచి. జూన్ నెల, పొద్దున్న ఎనిమిదింటికి అక్కడున్నాం. అసలు ఆమెను తీసుకెళ్ళింది దానికోసం కాదు, దారిలో పాత రైలు కట్ట చూపిద్దామని. ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడుతోంది. అవే బండలు. ఈసారి ప్రతి బండ మీదా ఏదో ఉంది. చక్రంలో చక్రం, దానిలో ఇంకో చక్రం, మెలికలు తిరిగిన గీతలు, పక్షి అడుగులు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అమ్మ ఒక బండ దగ్గర వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, కాసేపు చూసి అంది: "ఇది గీసింది కాదురా, గంట్లు కొట్టింది."

అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో రోళ్ళకీ, తిరగళ్ళకీ గంట్లు కొట్టేవాళ్ళు వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళట. నున్నగా అరిగిపోయిన తిరగలి మీద ఉలితో టకటకా కొడుతూ పోతే చిన్న చిన్న గుంటలు పడతాయి కదా, సరిగ్గా అలాంటివే ఇక్కడి గీతలు. వేలి మందం గీత దగ్గరగా చూస్తే గీత కాదు, పక్కపక్కనే పడిన వందల చుక్కలు. ఇనుము లేదు, ఉలి లేదు. ఈ ఇసుకరాయి కన్నా గట్టి రాయిని చేత్తో పట్టుకుని కొట్టినవి. కొన్నిచోట్ల చుక్కలు విడివిడిగా తెలుస్తాయి. కొన్నిచోట్ల కలిసిపోయి గాడిలా అయ్యాయి.

ఎండ వాలు ఎందుకు ముఖ్యమంటే: ఎడారిలో బండల మీద చాలా పలుచటి నల్లటి, ముదురు ఎరుపు పొర ఏర్పడుతుంది. ఇనుము, మాంగనీసు, బంకమట్టి కలిసిన పొర అది. కొత్తగా కొట్టినప్పుడు ఆ పొర లేచిపోయి లోపలి లేతరంగు రాయి బయటపడుతుంది. అంటే చెక్కిన రోజుల్లో ఈ బొమ్మలు పలక మీద బలపం గీతల్లా దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించి ఉంటాయి. కాలం గడిచేకొద్దీ చెక్కిన చోట కూడా మళ్ళీ పొర కట్టి, బొమ్మకీ బండకీ రంగు ఒకటైపోయింది. ఇక మిగిలింది లోతు ఒక్కటే. ఆ లోతు కొన్ని మిల్లీమీటర్లే. సూర్యుడు నెత్తి మీద ఉంటే అంత చిన్న గుంటకి నీడ పడదు. పక్కనుంచి పడితే ప్రతి చుక్కకీ ఒక అంచు వెలుగు, ఒక అంచు నీడ. మన ఊళ్ళో అరిగిపోయిన శాసనాలు చదివేవాళ్ళు పొద్దున్నో సాయంత్రమో వెళ్ళేది ఇందుకే.

"ఎన్ని వేల ఏళ్ళవి?" అని మామయ్యగారు తప్పకుండా అడుగుతారు. చెక్కడానికి వయసు కట్టడం కష్టం. రంగుతో వేసిన బొమ్మలో బొగ్గు ఉంటే దాన్ని పరీక్షించొచ్చు. కొట్టిన గుంటలో పరీక్షించడానికి ఏమీ మిగలదు, ఉన్నది తీసేయడమే కదా చెక్కడమంటే. అందుకని నెట్‌లో ఎవానింగా చెక్కడాలు పదివేలనీ ముప్పైవేలనీ ఖచ్చితంగా చెప్పేవాళ్ళని నమ్మకండి. ఈ ప్రాంతంలో మనుషులు ఎప్పటినుంచి ఉన్నారంటే మాత్రం గట్టి ఆధారం ఉంది. ఆలిస్‌కి పడమరగా చాలా దూరంలో పురిట్జార అనే రాతిగుహ తవ్వకాల్లో సుమారు 35,000 ఏళ్ళ నాటి జాడలు దొరికాయి. ఆయనకి ఆ అంకె చెప్పండి, చాలు.

ఇక టైము లెక్క. జూలైలో ఆలిస్‌లో సూర్యోదయం ఏడుంపావు ప్రాంతంలో, సూర్యాస్తమయం ఆరు ప్రాంతంలో. మీ మెల్‌బోర్న్ కన్నా ఇక్కడ గడియారం అరగంట వెనక. తెల్లారేసరికి అక్కడ ఉండాలని తొందరపడకండి. దీనికి రెండు కారణాలు. ఒకటి, చీకట్లో ఆ దారిన కంగారూలు, ఆవులు రోడ్డు మీదికి వస్తాయి. రెండు, ఇక్కడి చాలా అద్దె కారు ఒప్పందాల్లో పొద్దుగూకిన తర్వాత, తెల్లారకముందు ఊరి బయట నడపకూడదని రాసి ఉంటుంది. నడిపి ఏదైనా తగిలితే ఇన్సూరెన్స్ వర్తించదు. అదృష్టం ఏమిటంటే చలికాలంలో ఇక్కడ సూర్యుడు త్వరగా నెత్తికెక్కడు. ఏడున్నరకి ఊళ్ళో బయల్దేరి ఎనిమిదింబావుకి చేరండి. తొమ్మిదిన్నర దాకా వెలుగు బాగానే ఉంటుంది. సాయంత్రం వెలుగు కూడా అందమే, అప్పుడు వేరే బండలు మేలుకుంటాయి, పొద్దున్న కనిపించినవి పడుకుంటాయి. కానీ తిరుగు ప్రయాణం చీకట్లో పడుతుంది. మీ పరిస్థితికి పొద్దుటే మేలు.

దారి సంగతి. ఊరికి దక్షిణంగా 39 కిలోమీటర్లు. స్టువార్ట్ హైవే మీద ఎయిర్‌పోర్ట్ వైపు వచ్చి, ఓల్డ్ సౌత్ రోడ్ అనే దానిలోకి తిరగాలి. ఊరు దాటాక తారు పోయి ఎర్రమట్టి వస్తుంది. మట్టి రోడ్డంటే మన పొలం బాటలా మెత్తగా ఉంటుందనుకోకండి. బండ్లు తిరిగి తిరిగి రోడ్డంతా అడ్డంగా అలలు అలలుగా గట్టిపడి ఉంటుంది. కారుగేషన్ అంటారు. దుక్కి దున్నిన చేనులో అడ్డంగా సైకిల్ తొక్కినట్టే. చిన్న కారులో ఆ కుదుపుకి డ్యాష్‌బోర్డు మీద పెట్టిన వినాయకుడు కిందపడతాడు. ఎత్తైన టూ వీల్ డ్రైవ్‌తో కూడా వెళ్ళొచ్చని పార్కు వాళ్ళే చెబుతారు, కానీ ఫోర్ వీల్ డ్రైవ్ మేలని కూడా వాళ్ళే చెబుతారు.

అసలు తిప్పలు కారుకి కాదు, కాగితానికి. మామూలు అద్దె కారు ఒప్పందంలో మట్టి రోడ్డు నిషేధం. నా స్నేహితుడొకడు రెండేళ్ళ క్రితం సిడ్నీ నుంచి వచ్చి "ముప్పై తొమ్మిది కిలోమీటర్లే కదా" అని చిన్న కారులోనే వెళ్ళాడు. ఎదురొచ్చిన బండి చక్రం కింద రాయి ఎగిరి అద్దం పగిలింది. కారు తిరిగి ఇచ్చేటప్పుడు కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగా నవ్వి, కారు లోపలి జీపీఎస్ రికార్డు చూపించింది. అద్దం డబ్బులు మొత్తం వాడే కట్టుకున్నాడు. కంపెనీ పేరెందుకులెండి, ఒప్పందంలో ముందే రాసుంది, తప్పు వాడిదే. కాబట్టి ఒక్క రోజుకైనా ఫోర్ వీల్ డ్రైవ్ మార్చుకోండి. తీసుకునేటప్పుడు "ఓల్డ్ సౌత్ రోడ్, ఎవానింగా దాకా" అని పేరు చెప్పి అడిగి, సరేనన్నారని మెయిల్‌లో రాయించుకోండి. ఫోర్ వీల్ అయినా కొన్ని కంపెనీలు కొన్ని రోడ్లని వద్దంటాయి. అదీ కుదరకపోతే ఆలిస్ నుంచి చిన్న టూర్ బండ్లు దొరుకుతాయి.

వాన పడితే మాత్రం వెళ్ళకండి. జూలైలో సాధారణంగా పడదు, పడితే ఆ ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. ముందు రోజు రాత్రి నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం రోడ్ రిపోర్ట్ సైటు ఒకసారి చూడండి. ఇంకో మాట, మీరు జూలై అన్నారు కాబట్టి ఇబ్బంది లేదు, ఇది చదివే మిగతావాళ్ళ కోసం: జూన్‌లో కింగ్స్ బర్త్‌డే లాంగ్ వీకెండ్‌కి ఆ వైపు వెళ్ళొద్దు. ఆ రెండు రోజులూ ఫింక్ డెజర్ట్ రేస్, ఆలిస్ నుంచి ఫింక్ దాకా మోటార్ సైకిళ్ళు, బగ్గీలు అనే ఎడారి రేసు కార్లు. దుమ్ము తప్ప ఏమీ కనిపించదు. రేసు చూడాలనుకుంటే అది వేరే ఆనందం.

దారిలో కనిపించే పాత రైలు కట్ట గురించి మామయ్యగారికి ఒక్క ముక్క చెప్పండి. పాత ఘాన్ రైలు 1929లో ఈ దారినే ఆలిస్‌కి చేరింది, వరదలకి కొట్టుకుపోతూ, కట్టుకుంటూ, 1980లో కొత్త లైను వచ్చేదాకా నడిచింది. ఎవానింగా అప్పట్లో ఒక సైడింగ్ (రైళ్ళు పక్కకి తప్పుకునే లైను) పేరు కూడా. ఘాన్ అనే పేరు ఒంటెల మీద సరుకు మోసిన ఆఫ్ఘన్ల పేరు మీద వచ్చింది. 'ఆఫ్ఘన్లు' అని అందరినీ కలిపి పిలిచారు గానీ, వాళ్ళల్లో చాలామంది అప్పటి బ్రిటిష్ ఇండియా వాళ్ళే. పెషావర్, బలూచిస్తాన్, పంజాబ్ వైపు వాళ్ళు. ఈ ఎడారిలో మనకన్నా ముందు వచ్చిన ఉపఖండం మనుషులు వాళ్ళు.

ఇప్పుడు నడక. కారు ఆపిన చోట నీడ, బల్లలు, గుంత మరుగుదొడ్డి ఉంటాయి. నీళ్ళు ఉండవు. తాగే నీళ్ళన్నీ మీరే తెచ్చుకోవాలి, అరగంట నడకే అయినా కారులో మనిషికి ఐదారు లీటర్లు ఉంచుకోండి. దారిలో బండి ఆగితే ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. బాట దాదాపు చదును, కొంత ఇసుక, బండల దగ్గర కాస్త ఎగుడుదిగుడు. అత్తమ్మగారు మెల్లగా నడవగలిగితే ఇబ్బంది లేదు. చేతికర్ర ఉంటే తేండి. నడిచేటప్పుడు బరువంతా దాని మీదే, బండ మీద చెయ్యి ఆనించుకోకుండా. వీల్‌చైర్‌కి మాత్రం ఇది కుదరదు.

మొదట కుడివైపో ఎడమవైపో అని కంగారు పడకండి, ఎటు మొదలుపెట్టినా ఒకటే. బాట పక్కన ఎండిపోయిన చెరువు అడుగులాంటి చదును కనిపిస్తుంది. క్లేపాన్ అంటారు. జూలైలో నెర్రెలిచ్చి ఉంటుంది. వాన పడిన తర్వాత అందులో కొన్ని వారాలు నీళ్ళు నిలుస్తాయి, ఎక్కడినుంచో పక్షులు దిగుతాయి. ముందు ఆ చదును చూసి, తర్వాత బండలు చూడండి. ఇంత పెద్ద ఎడారిలో సరిగ్గా ఇక్కడే ఇన్ని చెక్కడాలు ఎందుకున్నాయనే ప్రశ్నకి సగం జవాబు ఆ చదునే. నీళ్ళున్నప్పుడు జంతువులు వస్తాయి, జంతువులు వస్తే మనుషులు వస్తారు, మనుషులు నాలుగు రోజులు ఆగుతారు.

మిగతా సగం జవాబు మనకి చెప్పరు. ఇది మీరు ముందే తెలుసుకుని వెళ్తే మంచిది, లేకపోతే నిరాశగా ఉంటుంది. ఈ నేల అరెర్న్‌టె జనానిది, పేరు పలికితే 'అరండ'కి దగ్గరగా వినిపిస్తుంది. ఈ చెక్కడాల అర్థం దీక్ష తీసుకోనివాళ్ళు తెలుసుకోకూడనిదనీ, తెలుసుకోవడం ప్రమాదమనీ వాళ్ళ పెద్దలు చెబుతారు. అందుకని బోర్డుల మీద ఈ గుండ్రం ఇదీ, ఆ గీత అదీ అని వివరం ఉండదు. మొదట్లో నాకిది దాచిపెట్టడంలా అనిపించింది, కొంచెం కోపం కూడా వచ్చింది. మా అమ్మకి మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు. "ఉపదేశం లేనివాడికి మంత్రం ఎవరు చెప్తార్రా?" అంది. అంతే, ఆ సంభాషణ అక్కడితో అయిపోయింది. మీ అత్తమ్మగారు కూడా అలాగే అంటారని నా నమ్మకం. మన తరానికే ప్రతిదానికీ క్యాప్షన్ కావాలి.

ఊళ్ళో సావనీర్ షాపుల్లో, నెట్‌లో "గుండ్రం అంటే నీటి గుంట, అర్ధచంద్రం అంటే కూర్చున్న మనిషి" అని చార్టులు దొరుకుతాయి. కాన్వాస్ మీద వేసే బొమ్మల్లో ఆ అర్థాలు కొంతవరకూ నిజమే, అక్కడ కూడా ఒకే గుండ్రం ఒక బొమ్మలో నీటి గుంట, ఇంకో బొమ్మలో బస, ఇంకోదాంట్లో నెగడు. గీసినవాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. ఆ చార్టు పట్టుకొచ్చి ఈ బండల్ని చదవొద్దు. పాపకి కథ అల్లి చెప్పాలనిపిస్తుంది, నాకూ అనిపించేది. చెప్పకండి. "వీళ్ళకి తెలుసు, మనకి చెప్పలేదు" అంటే పిల్లలు చాలా తేలిగ్గా ఒప్పుకుంటారు. పెద్దవాళ్ళే ఒప్పుకోరు.

పాపకి పని కావాలంటే అడుగులు వెతకమనండి. మూడు వేళ్ళ బాణంలా ఉంటే పక్షి అడుగు, పెద్దదైతే ఈమూని తలుచుకోవచ్చు. నేను మా పిల్లలతో ఆడించే ఆట ఒకటుంది: చేతులు రెండూ వెనక్కి కట్టుకోవాలి, ఎవరు ఎక్కువ గుర్తులు కనిపెడితే వాళ్ళకి కారులో ముందు సీటు, ఎవరి చెయ్యి ముందుకొస్తే వాళ్ళు అవుట్. ఎనిమిదేళ్ళ పాప ముందు సీటులో కూర్చోకూడదంటారా, బహుమతి మార్చుకోండి. ఆట మాత్రం అదే ఉంచండి, ఎందుకంటే పిల్లలకి గుండ్రం కనిపిస్తే వేలు పెట్టి తిప్పాలనిపిస్తుంది.

ముట్టుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇసుకరాయి గట్టిదని అనిపిస్తుంది కానీ పైపొర పెళుసు. ఎక్కితే అంచులు రాలతాయి. చేతి చమట, క్రీములు పొరకి అంటుకుంటాయి. ఎక్కొద్దనీ, తాకొద్దనీ అక్కడి పెద్దలు అడిగారు, బోర్డు మీద కూడా ఉంది. పాత ఫోటోల్లో గీతలు బాగా కనపడాలని సుద్దముక్కతో దిద్దడం చూస్తాం. అది అస్సలు చేయకూడదు. ఇంకోటి నేనే చేశాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక బండ నీడలో ఉంటే, సీసాలో నీళ్ళు చల్లి ఫోటో తీశాను. తడిస్తే రంగు ముదిరి గీత తేలుతుంది కదా అని. తర్వాత తెలిసింది, తడిసి ఆరినప్పుడల్లా రాతిలోని ఉప్పు పైకొచ్చి గడ్డకట్టి పొరని లోపలినుంచి తోస్తుంది, పెచ్చులూడుతుంది. వానకి ఎలాగూ తడవట్లేదా అని వాదించొచ్చు. వాన ఏడాదిలో కొన్ని రోజులు. టూరిస్టు రోజూ వస్తాడు.

నీడలో ఉన్న బండ చూడాలంటే ఫోన్ టార్చ్ వేయండి, కానీ ఎదురుగా కాదు. బండకి పక్కగా, దాదాపు దాని ఉపరితలం వెంటే వెలుగు పాకేలా పట్టుకోండి, తగలకుండా. చుక్కలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఫోటోకి ఫ్లాష్ పనికిరాదు, ఎదురు వెలుగుతో మళ్ళీ చదునైపోతుంది. ఫోటోలు తీసే ముందు అక్కడి బోర్డు చదవండి, ఏదైనా తీయొద్దని ఉంటే తీయకండి. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. మర్యాద సంగతి అలా ఉంచినా, పవిత్ర స్థలాలకి ఇక్కడ 1989 నాటి చట్టం ఒకటుంది, పాడు చేస్తే కేసు అవుతుంది, జరిమానా చిన్నదేం కాదు.

నాకు బాగా ఇష్టమైన బండ ఒకటి ఉంది. ఎక్కడని చెప్పను, వెతుక్కోండి, నడుము ఎత్తులో ఉంటుంది. ఒక గుండ్రం, చుట్టూ ఇంకోటి, దాని చుట్టూ ఇంకోటి. బయటి గుండ్రం ఒకచోట ఆగిపోయింది. రాయి పగిలి ఆ ముక్క విడిపోయింది. పగిలిన అంచు కూడా బండ రంగులోకే తిరిగిపోయింది, అంటే పగిలి కూడా చాలా కాలమైంది. లోపలి గుండ్రంలో చుక్కలు లోతుగా, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉంటాయి. బయటి గుండ్రంలో చుక్కలు పలుచగా, తొందరగా కొట్టినట్టు. ఒకే మనిషి పనా, తర్వాతెప్పుడో ఇంకొకరు వచ్చి లోపలిది మళ్ళీ కొట్టారా? నేను అక్కడ కూర్చుని చాలాసార్లు అదే చూశాను. ఎనిమిదిన్నరకి కనిపించినంత బాగా పదింటికి కనిపించదు.

మీరు ఉలూరు కూడా వెళ్తున్నారు కదా, ఒక తేడా గమనించండి. ఉలూరు అడుగున ముటిట్జులు నీటి మడుగు దాకా వెళ్ళే కునియా నడక ఉంది, రానూపోనూ కిలోమీటరు, చదును, వీల్‌చైర్ కూడా వెళ్తుంది. అక్కడ గుహలో కనిపించేవి చెక్కడాలు కాదు, రంగులతో వేసిన బొమ్మలు. అత్తమ్మగారికి అది హాయిగా ఉంటుంది. అక్కడి జనం అనంగు. ఉలూరు మీదికి ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి పూర్తిగా ఆపేశారు, మామయ్యగారు పాత సినిమాలు చూసి అడిగితే ముందే చెప్పేయండి. ఉలూరు పార్కు టికెట్ వేరు, నార్తర్న్ టెరిటరీ పార్కుల పాస్ వేరు. ఈ రెండోది 2023 నుంచి బయటి రాష్ట్రాల వాళ్ళకి పెట్టారు. ఏ పార్కుకి కావాలో, దేనికి అక్కర్లేదో వాళ్ళ సైట్లో చూసి, సిగ్నల్ ఉన్నప్పుడే ఊళ్ళో కొనుక్కోండి.

ఫోర్ వీల్ డ్రైవ్ కుదరకపోతే: ఆలిస్‌కి తూర్పున పది కిలోమీటర్లలో ఎమిలీ గ్యాప్ ఉంది, తారు రోడ్డే. అరెర్న్‌టె పేరు అంత్‌వెర్‌కె. కొండల మధ్య చీలికలాంటి దారి, ఇసుకలో కొంచెం నడిస్తే అవతలి గోడ మీద నిలువు చారల బొమ్మలు. గొంగళిపురుగుల పూర్వీకుల కథకి సంబంధించిన స్థలం, ఆ మాత్రం వాళ్ళే బయటికి చెబుతారు. ఇవి కూడా రంగు బొమ్మలే, చెక్కడాలు కావు. కానీ చిన్న కారుతో, మోకాళ్ళ నొప్పితో చూడగలిగినవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు.

చెక్కడాలే ఇంకా ఎక్కువ కావాలంటే ఎన్‌దాలా గార్జ్. ఆలిస్‌కి తూర్పున సుమారు 90 కిలోమీటర్లు, దాదాపు 6,000 చెక్కడాలు ఉన్నాయని లెక్క. నడక రానూపోనూ కిలోమీటరున్నర. కానీ చివరి 11 కిలోమీటర్లు నది ఇసుకలో పడి లేచే దారి, నిజమైన ఫోర్ వీల్ డ్రైవ్, నడపడం వచ్చిన చెయ్యి కావాలి. పెద్దవాళ్ళతో వద్దు. మీ ఇద్దరే ఇంకోసారి వస్తే వెళ్ళండి, ఎవానింగా కన్నా అది నాకు ఎక్కువ ఇష్టం. అక్కడ సన్నగా చెక్కినవి, మొరటుగా కొట్టినవి రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి.

కింద ఇంకెవరో పెర్త్ నుంచి అడిగారు కాబట్టి ఒక్క మాట. మీకు ఇంత దూరం అక్కర్లేదు. కర్రాత దగ్గర మురుజుగలో న్‌గజర్లి బాట ఉంది, చెక్క వంతెనలాంటి దారి, వీల్‌చైర్‌కి అనుకూలం. అక్కడ పది లక్షలకి పైగా చెక్కడాలున్నాయని అంచనా, 2025 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పక్కనే గ్యాస్ ప్లాంట్ల పొగ రాతి పొరని తినేస్తుందా అన్న గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. సిడ్నీ వాళ్ళకైతే ఊరి అంచునే, కురింగ్‌గై చేజ్ పార్కులో ఇసుకరాతి మీద చేపలు, కంగారూలు, మనుషుల ఆకారాలు పెద్ద పెద్దవి ఉన్నాయి. పరమట్ట నుంచి పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. అక్కడ కూడా ఎండ వాలు సూత్రం అదే.

మీ మామయ్యగారికి ఆసక్తి పుడితే తిరిగి వెళ్ళాక చూడడానికి సొంత రాష్ట్రంలోనే ఉన్నాయి. భూపాలపల్లి వైపు పాండవుల గుట్టలో రంగు బొమ్మలు. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు, అక్కడ ఒక బండ మీద చిన్న చిన్న గుంటలతో సప్తర్షి మండలం ఉందని చూపిస్తారు. నేను పోయినసారి వెళ్ళాను. ఎండ నెత్తి మీదికి వచ్చాక వెళ్ళాను, మళ్ళీ అదే తప్పు, గుంటలు సరిగ్గా కనపడలేదు.

చివరగా బట్టలు. జూలైలో ఆలిస్‌లో మధ్యాహ్నం ఇరవై డిగ్రీలు, తెల్లవారుజామున మూడు నాలుగు, కొన్ని రోజులు కారు అద్దం మీద మంచు గీరాల్సి వస్తుంది. ఖమ్మం వాళ్ళకి ఎడారి అంటే వేడి అనే ఉంటుంది, స్వెటర్ వద్దంటారు. అత్తమ్మగారికి శాలువా, మామయ్యగారికి మఫ్లర్ మీరే సర్దండి. ఫ్లాస్కులో టీ కూడా. బల్లల దగ్గర ముందు టీ తాగి, చేతులు వెచ్చబడ్డాక నడక మొదలుపెట్టండి, కొంకర్లు పోయిన చేతుల్ని జేబుల్లోంచి తీయకుండా ఉంటే బండల్ని ముట్టుకునే సమస్య కూడా ఉండదనుకోండి. ఏ వారం వస్తున్నారో చెబితే రోడ్డు ఎలా ఉందో ఆ ముందు శనివారం చూసి ఇక్కడే రాస్తాను.